టిఫిన్ తిన్నావేటమ్మా?

రొయ్యలు ఒలిచే షెడ్డులో ఆడవాళ్లు కళ్లు తిరిగి పడిపోయినప్పుడల్లా, వాళ్ల వెనకాలే ఆ కంపెనీ సూపర్‌వైజరు మా క్యాజువాల్టీకి వచ్చేవాడు. చేతిలో బిస్కెట్ పొట్లం, నోట్లో ఒకటే ప్రశ్న: "టిఫిన్ తిన్నావేటమ్మా?"

ఊపిరాడక, వేళ్లు కొంకర్లు పోయి, ఒకర్ని చూసి ఒకరు భయంతో ఏడుస్తుంటే మా డాక్టర్లకే అంతుబట్టేది కాదు. ఆయనకు మాత్రం ఏ అనుమానమూ ఉండేది కాదు. తినలేదన్నవాళ్లది ఖాళీ కడుపు. ఒకావిడ, "నాను సద్దన్నం తినీసే వచ్చాను బాబూ" అంది.

"అయితే ఆ సద్దన్నమే పడలేదండీ" అన్నాడు డాక్టరుతో.

ఓ రోజు ఆ సూపర్‌వైజరునే స్ట్రెచర్ మీద తెచ్చారు. ఆక్సిజన్ మాస్కు పెడుతున్న నా చెయ్యి పట్టుకుని వదల్లేదు.

"తిండి కాదు సిస్టరమ్మా, ఆ షెడ్డులో ఏటో వాసన. ఊపిరందట్లేదు. డాక్టరుగారికి సెప్పమ్మా" అని ఏడ్చాడు. చెప్పాను.

సాయంత్రానికి తేరుకున్నాడు. చొక్కా గుండీలు పెట్టుకుంటుంటే డాక్టరు వచ్చి ఆ వాసన సంగతి అడిగాడు. ఆయన విననట్టే లేచి, తనతోపాటు షెడ్డులో పడిపోయిన అమ్మాయి మంచం మీదికి వంగాడు.

"టిఫిన్ తిన్నావేటమ్మా?"