రెండో సీట్లో బియ్యం బస్తా

1993లో మా వర్క్‌షాపు బిలాస్‌పూర్‌లో అర్పా నది వంతెన దాటి సర్కండా పేటలోకి దిగే దారిలో ఉండేది. లారీల కమాన్ కట్టలు, అంటే చక్రాల మీద బరువు మోసే ఉక్కు పట్టీల స్ప్రింగులు, కాల్చి వంచడానికి మా నాన్న పెట్టిన కొలిమి అది. ఆయన తర్వాత నాకూ మా ఆయనకీ వచ్చింది. ఏ బండికి ఏ స్ప్రింగు వెయ్యాలో తేల్చడం నా పని, కారు కిందికి దూరి బిగించడం మా ఆయన పని. కొత్తగా వచ్చినవాళ్ళు "మిస్త్రీ ఎక్కడ?" అని నన్నే అడిగేవాళ్ళు. మా ఆయన కారు కింద నుంచి చెయ్యి బయటపెట్టి నన్నే చూపించేవాడు. ఆ ముచ్చట నాకు ఎప్పుడూ విసుగు పుట్టలేదు.

ఆ ఏడు చలికాలంలో అప్పల్నాయుడు బాబాయ్ ఒక ఎర్ర కారు వేసుకొచ్చాడు. బాబాయ్ అంటే చుట్టం కాదు. రైల్వే కాలనీలో మా నాన్న ఈడు తెలుగువాళ్ళందరూ నాకు బాబాయిలే. ఈయన మెయిల్ రైలు డ్రైవరు. కారేమో విదేశాల నుంచి వచ్చిన పాత స్పోర్ట్స్ కారు. రెండే సీట్లు, పైన గుడ్డ టాపు. బొగ్గు గనుల ఆఫీసరొకాయన బదిలీ మీద వెళ్తూ అమ్మేశాడట. గనుల దారిలో కారు అడుగు నేలకి తగలకుండా ఆ ఆఫీసరు దాన్ని ఎత్తు చేయించాడు. ముందు కాయిల్ స్ప్రింగుల మీద దళసరి రబ్బర్లు, వెనక కమాన్ కట్టలో అదనంగా ఓ పట్టీ. కోడిపిల్లకి కొంగ కాళ్ళు అతికించినట్టుంది.

"దీన్ని కిందికి దించీమ్మా. నేలకి ఆనినట్టుండాల" అన్నాడు బాబాయ్.

"ఇప్పుడంత తొందరేటి?"

"మీ పిన్ని ఎక్కనంటంది."

ఎత్తయిన కారు మలుపు తిరిగితే పక్కకి ఒరుగుతుంది. మేం దాన్ని బాడీ రోల్ అంటాం. బాబాయ్ మోజుకొద్దీ పైడమ్మ పిన్నిని మస్తూరీ ఊరి దాకా తిప్పాడట. మలుపు మలుపుకీ ఆవిడ ఒకసారి ఈయన మీద, ఒకసారి తలుపు మీద పడింది. దారిలో వాంతి చేసుకుంది. తిరుగు ప్రయాణానికి బస్సెక్కి, ఇక ఆ కారులో కాలు పెట్టనని ఒట్టేసింది. ఆవిడ ఎక్కకపోతే అమ్మెయ్యడమేనని బాబాయ్ బేరం పెడితే, రాయపూర్ నుంచి ఒకాయన కారు కొనడానికి ఆదివారం వస్తానన్నాడట.

"అయితే అమ్మేసీ బాబాయ్, పీడా పోద్ది" అన్నాను.

ఆయన ముఖం చిన్నబోయింది. "ముప్పై ఏళ్ళ నుంచి బండి నడుపుతున్నాను. ఊళ్ళకి ఊళ్ళే నా ఎనక ఎక్కి తిరిగినాయి. మీ పిన్నిని మాత్రం ఇంజన్లో పక్కన కూకోబెట్టుకోడానికి రూలు ఒప్పదు కదా. అందుకే రెండు సీట్లది కొన్నాను తల్లీ. అందులో ఒకటి ఖాళీగా ఉంటే నాకీ కారెందుకు సెప్పు?"

ఈ కారు చెయ్యి దాటిపోకూడదని నాకే పట్టుదల వచ్చింది.

హాక్సా రంపంతో స్ప్రింగులు రెండేసి చుట్లు కోసెయ్యమన్నాడు బాబాయ్. స్ప్రింగులు కోయమనే బేరగాళ్ళంటే నాకు ఒళ్ళు మంట. కోస్తే కారు దిగుతుంది, కాదనను. కానీ చుట్లు తగ్గితే స్ప్రింగు బిరుసెక్కుతుంది. అది ఎగిరెగిరి పడకుండా అదిమిపట్టే నూనె గొట్టం, అంటే షాక్ అబ్జార్బరు, పాతది చాలదు. గుంటలో పడ్డ ప్రతిసారీ కారు గెంతుతుంది. మలుపుల్లో వాంతి చేసుకున్న మనిషి అప్పుడు తిన్నటి రోడ్డు మీద కూడా చేసుకుంటుంది.

నేను వేరే దారి ఎంచాను. రబ్బర్లూ అదనపు పట్టీ తీసెయ్యాలి. వెనక పట్టీల వంపు మా కొలిమిలో కాస్త తగ్గించాలి. ముందు చక్రాలకి కొలత ఇచ్చి చేయించిన పొట్టి స్ప్రింగులు, వాటికి తగ్గ షాక్ అబ్జార్బర్లు. అన్నిటికంటే ముఖ్యం యాంటీ రోల్ బార్. ముందు చక్రాలు రెండింటినీ కలిపే ఉక్కు కడ్డీ అది. మలుపులో ఒక పక్క అణగబోతే మెలితిరిగి, లేవబోయే రెండో పక్కని కిందికి లాగుతుంది. చాలామంది కారు దించితే చాలనుకుంటారు గానీ, ఒరుగుడు ఎక్కువగా తగ్గించేది ఈ కడ్డీయే.

ఇక ఎంత దించాలి? చిన్న కారు, మనుషులు కూర్చుంటే ఇంకా అణుగుతుంది. ఇద్దరూ కూర్చుంటేనే కొలత తీస్తానని, పిన్నిని తీసుకురమ్మన్నాను.

మర్నాడు బాబాయ్ వచ్చాడు. పక్క సీట్లో, తువ్వాలుతో కట్టేసి, ఒక బియ్యం బస్తా!

"ఆవిడ రాదమ్మా. బరువు ఇంచుమించు ఇంతే. గూడ్సు వేగన్‌కి లోడు పెట్టి సూసుకోమా ఏటి?"

మా ఆయన నవ్వాపుకోలేక కారు కిందికి దూరాడు. నేను టేపు తీసేలోపే ఒక ఆటో వచ్చి ఆగింది. అందులోంచి పిన్ని దిగింది.

"నా బదులు బియ్యం బస్తాని ఊరేగిస్తన్నాడని కాలనీ అంతా నవ్వుతన్నారు! దించు దాన్ని!"

"అది కాదే, బరువు కోసం..."

"నా బరువు నీకెవుడు సెప్పినాడు?"

బస్తా దిగింది, పిన్ని ఎక్కింది. కోపంలో ఒట్టు సంగతి మర్చిపోయినట్టుంది, నేనూ గుర్తు చెయ్యలేదు. కొలతలు తీశాను. దిగమంటే మాత్రం ఆవిడ కదల్లేదు. దగ్గరికి వెళ్తే, గొంతు తగ్గించి చెప్పింది.

"మోకాళ్ళు తల్లీ. లోపల సీటు మరీ కిందికుంది. ఎవరో ఒకరు లాగితే గానీ లేవలేను. వాంతి అయితే అయింది, కడుక్కుంటాను. నలుగురిలో నన్ను మూటలాగ లాగితే ఏటి మర్యాద?"

బియ్యం బస్తాకి మోకాళ్ళుండవు. అది ఎంత కిందికైనా కూర్చుంటుంది. లేవలేనని చెప్పదు. కారు నేలకి ఆనినట్టుండాలన్న మాట నేను అక్కడే కొట్టేశాను. కంపెనీ ఇచ్చిన ఎత్తుకి తెచ్చి ఆపేద్దామన్నాను. పిన్ని సీటు కింద ఇనప దిమ్మలు పెట్టి దాన్ని పైకి లేపుదామన్నాను.

"మరీ అంతేనా? పుస్తకాల్లో బొమ్మలు సూడు, ఎంత కిందికుంటాయో" అన్నాడు బాబాయ్.

"నీకు కారు దిగాలా, పిన్ని ఎక్కాలా?"

ఆయన బుర్ర గోక్కున్నాడు. "పిన్నే ఎక్కాలమ్మా."

శనివారానికి పని పూర్తయింది. పిన్ని సీట్లో కూర్చుని, తనంతట తను లేచి, మళ్ళీ కూర్చుంది. ఇద్దరూ మస్తూరీ రోడ్డు పట్టారు. చాలాసేపు రాలేదు. నాకు గుబులు పుట్టింది. కడ్డీ బోల్టులు సరిగా బిగించావా అని మా ఆయన్ని పదిసార్లు అడిగి తిట్టించుకున్నాను. పొద్దు వాలుతుండగా ఎర్ర కారు తిరిగొచ్చింది.

"కడుపులో తిప్పిందా పిన్నీ?"

ఆవిడ నావైపు చూడలేదు. స్టీరింగ్ మీదున్న ఆయన చేతులే చూస్తోంది.

"లేదు తల్లీ. ఇన్నేళ్ళూ క్యారేజీ కట్టి డ్యూటీకి పంపడమే గానీ, గుమ్మం దాటినాక ఈయన ఏటి సేస్తాడో నాను ఎప్పుడు సూసినాను? ఎంత నెమ్మదిగా నడుపుతాడో! ఒక్క కుదుపు లేదు."

బాబాయ్ తువ్వాలు తీసి, శుభ్రంగానే ఉన్న అద్దాన్ని తుడుస్తూ నిలబడ్డాడు. నాకూ కళ్ళు చెమ్మగిల్లాయి, ఎందుకు దాచుకోవాలి?

ఆదివారం రాయపూర్ ఆసామి వచ్చేసరికి బాబాయ్ క్వార్టర్‌కి తాళం వేసి ఉందట, ఎర్ర కారూ లేదట.

స్ప్రింగుల లెక్క నాకు మా నాన్న నేర్పాడు. కూర్చునే మనిషిని అడగాలన్నది మాత్రం పిన్ని దగ్గర నేర్చుకున్నాను. తర్వాత కారు దించమని ఎవరొచ్చినా "పక్క సీట్లో ఎవరు కూర్చుంటారు?" అని ముందుగా అడిగేదాన్ని. ఎవరూ లేరన్నవాళ్ళకి, ఎంత కావాలంటే అంత దించి పంపేదాన్ని.