అరిగిన గేరు పండ్లు

గండికోట దిగువన, పెన్నా నిలిచిన నీళ్లలో మాకొక పడవుంది. మా ఆయన భుజం విరిగినప్పటి నుంచి దాన్ని నేనే నడుపుతున్నాను. కూలికి పోయే ఆడవాళ్లను పొద్దున అవతలి గట్టున మిరపచేల దగ్గర దింపి, సాయంత్రం తీసుకొస్తాను.

ఆ రోజు నడినీళ్లలో గేరు జారిపోయింది. మోటారు అరుస్తోంది గానీ నీళ్లలో పడవను తోసే ఫ్యాను తిరగడం లేదు. మళ్లీ వేస్తే టకటకా కొట్టుకుని మళ్లీ జారింది. గాలికి పడవ బండల వైపు పోతుంటే తెడ్లతో, చేతులతో నీళ్లు తోసి ఎట్లాగో గట్టుకు చేరాం. ఆడవాళ్లెవరూ నన్ను తప్పుపట్టలేదు. మర్నాటి నుంచి మాత్రం ఆటోలో చుట్టు తిరిగి పోతామన్నారు.

టౌనులో మెకానిక్ విప్పి చూడకుండానే కొత్త మోటారు కొనమన్నాడు. నాకు మనసొప్పలేదు. మా వీధిలో ఒక సాయిబు మామ ఉన్నాడు. బోరు మోటార్లు బాగుచేసి బతికినాయన. చేతులు వణకడం మొదలయ్యాక పని మానేశాడు. ఆయన దగ్గరికి పోయాను.

"పడవ మోటారు నేనెప్పుడూ విప్పలేదమ్మా," అన్నాడు.

"నేనూ విప్పలేదు మామా. నువ్వు చెప్పు, నేను విప్పుతా."

ఆయన తన చేతులు చూసుకుని, "సరే, ఈడికి తీసుకురా," అన్నాడు.

ఆయన వసారాలోనే మోటారు కింది భాగం విప్పాను. గేరు ఆయిలు వంచితే అందులో ఇనుప రజను మెరిసింది. ముందు గేరుకూ వెనక గేరుకూ నడుమ, ఎటు తోస్తే ఆ గేరును పట్టుకునే పండ్ల బిళ్ల ఒకటుంది. దాని అంచులు అరిగి నున్నగా అయిపోయాయి. ముందు గేరు పండ్లూ అట్లాగే ఉన్నాయి.

"శానా అరిగినాయి. రెండూ మార్చాల. ఒకటే మారిస్తే పాతది కొత్తదాన్ని తినేస్తాది," అన్నాడు మామ.

చెన్నై నుంచి సామాను రావడానికి వారం పట్టింది. బిళ్లను షాఫ్టుకు పట్టి ఉంచేది ఒక పిన్ను. ఆ పిన్ను జారకుండా చుట్టూ సన్నని స్ప్రింగు చుట్టాలి. అది మూడుసార్లు ఎగిరిపోయింది. మూడోసారి నా గోరు చీలింది.

"వదిలేయ్, ఇంకెవరికైనా చూపిద్దాం," అన్నాడు మా ఆయన.

"ఇంకొక్కసారి," అని చుట్టాను. నిలిచింది.

అంతా బిగించి గేరు వేస్తే సగమే పడింది. నాకు ఏడుపొచ్చింది. మామ మాత్రం కంగారు పడలేదు. "గేరును తోసే కడ్డీ పొట్టిదైనట్టుండాది. మళ్లీ దించి దాని మర నాలుగు చుట్లు తిప్పి పొడుగు చెయ్," అన్నాడు. మళ్లీ దించాను, తిప్పాను, బిగించాను. ఈసారి టక్కుమని పడింది.

"ఆ, కూచునింది," అన్నాడు.

మరుసటి పొద్దున మామే మొదట పడవెక్కాడు. నడినీళ్లలో మోటారును గట్టిగా లాగించాను. గేరు జారలేదు. ఆ సాయంత్రమే ఇల్లిల్లూ తిరిగి చెప్పాను. మొదటి రోజు ఇద్దరే వచ్చారు. నాలుగో రోజుకు పడవ నిండింది.

తర్వాత పక్క ఊరి జాలరి ఒకాయన తన మోటారు మోసుకొచ్చి మామను అడిగాడు. మామ నావైపు చూపించి, "ఆ యమ్మను అడుగప్పా," అన్నాడు.