ఖాదర్ మియా వాల్యూం పెంచిన సాయంత్రం

1966 జూన్‌లో నన్ను మెదక్‌లో రేడియో సూపర్‌వైజరుగా వేశారు. పేరు పెద్దదే గాని, హోదాలో మెకానిక్‌కు ఒక మెట్టు పైన, జిల్లా అధికారికి మూడు మెట్లు కింద. ఆ అధికారి సంగారెడ్డిలో ఉండేవాడు. పంచాయతీలకు ప్రభుత్వం ఇచ్చిన రేడియోలు మూగబోకుండా చూడటం నా పని. మెదక్ పట్టణంలో ఉన్నది కరెంటు సెట్టు. కుల్చారం, కౌడిపల్లి, టేక్మాల్ వైపువన్నీ బ్యాటరీ సెట్లు.

ప్రతి సెట్టూ తాళం వేసిన చెక్కపెట్టెలో ఉండేది. స్టేషను మార్చే మరను హైదరాబాదు కేంద్రం దగ్గర నిలిపి లక్కతో సీలు వేసేవాళ్ళం. ఊళ్ళో సెట్టును చూసుకునే కేర్‌టేకర్ చేతిలో ఉండేవి పెట్టె తాళంచెవి, వాల్యూం మర. ఊరు ఏం వినాలో అతను నిర్ణయించలేడు. ఎంత గట్టిగా వినాలో మాత్రం అతని ఇష్టం.

నేను బడిలో చదివింది ఏడో తరగతి వరకే. రేడియో పనీ, లెక్కలూ సొంతంగా నేర్చుకున్నవి. అందుకేనేమో, రేడియోలో నాకు నచ్చేది ధరవరలు ఒక్కటే. ఏ మార్కెట్లో బెల్లం ఎంత, వడ్లు ఎంత అని చదువుతుంటే మనసు కుదుటపడేది. సంగీతం ఏదైనా నాకు ఒకటే. పట్టణంలో కుర్రవాళ్ళకు హిందీ సినిమా పాటలు కావాలి. సీలు తీసి సముద్రం అవతలి స్టేషను పెట్టమని నన్నే అడిగేవాళ్ళు. వార్తలు వాళ్ళకు గిట్టవు. పల్లెల నుంచి అంగడికి వచ్చే రైతులకు ధరలూ, వాన కబురూ చాలు.

మెదక్ కేర్‌టేకర్ ఖాదర్ మియా. పగలంతా బస్టాండు పక్కన బట్టలు కుట్టేవాడు, సాయంత్రం ఎదుటి పార్కులో రేడియో పెట్టేవాడు. ఆయన తండ్రి ఒకప్పుడు ఒక జాగీర్దారు ఇంట సారంగి వాయించేవాడట. జాగీర్లు పోయాక ఆ సారంగి కూడా అమ్ముడుపోయింది. రేడియోలో ఎప్పుడైనా సారంగి వస్తే ఖాదర్ మియా బీడీ ఆర్పేసి కూర్చునేవాడు.

అది అస్సలు గిట్టనివాడు కుల్చారం రైతు సాయిలు. అంగడి రోజున బండి బస్టాండు పక్కన విప్పి, ధరలు విన్నాకే ఎడ్లు కట్టేవాడు.

"ఏం ఖాదర్ భాయ్, ఎవలు సచ్చిండ్రని గా ఏడుపు? జర బంద్ జేసి ధరలు పెట్టరాదు?"

"ధరలు నేను పెడ్తనా సాయిలూ? హైదరాబాద్‌ల పెడ్తరు. నీ బెల్లం ధర పెరుగుతదంటే చెప్పు, నేనే పాడుత."

"నువ్వు పాడితె ఉన్న ధర గూడ పడిపోతది."

మూడేళ్ళలో ఈ వాదన నేను ఎన్నిసార్లు విన్నానో లెక్కపెట్టలేదు.

1969లో ప్రత్యేక తెలంగాణ ఉద్యమం మెదక్‌కూ వచ్చింది. స్థానికులకు దక్కని ఉద్యోగాల లెక్కలు చూసినవాణ్ణి గనుక కుర్రవాళ్ళ కోపంలో న్యాయముందనే అనుకునేవాణ్ణి. ప్రభుత్వోద్యోగిని గనుక పైకి అనలేదు. రేడియోలో ఉద్యమం మాట ఎప్పుడో గాని వచ్చేది కాదు, వచ్చినా పరిస్థితి అదుపులో ఉందని వచ్చేది. "మనం సచ్చినా గీ డబ్బ చెప్పది" అని పార్కులో నా ఎదుటే అన్నారు.

ఆ మే నెలలో రాష్ట్రపతి మరణించారు. అలాంటప్పుడు రేడియో కార్యక్రమాలన్నీ ఆపి, సారంగి, షెహనాయి వంటి వాద్యాల మీద విషాద రాగాలే వినిపించడం ఆనవాయితీ. సంతాపం ముగిసేదాకా మా సెట్లన్నిటిలో అదే. సారంగి వచ్చిందంటే పెద్దవాళ్ళెవరో పోయారని ఊరంతటికీ అప్పుడు స్థిరపడింది.

జూన్‌లో ఒక అంగడి రోజున నేను కౌడిపల్లిలో బ్యాటరీ మారుస్తున్నాను. హైదరాబాదులో దీక్షలో ఉన్న ఒక నాయకుడి ఆరోగ్యం క్షీణించిందన్న కబురు అంతటా పాకి ఉంది. సాయంత్రం గ్రామీణ కార్యక్రమం వేళకు, అనివార్య కారణాల వల్ల అది లేదనీ, బదులుగా సారంగి వాదనం వినమనీ ప్రకటన వచ్చింది. హైదరాబాదులో బస్సులు నడవక కళాకారులు స్టేషనుకు చేరలేదని తర్వాత తెలిసింది. కౌడిపల్లి జనం ప్రకటన విన్నారు. ఒకాయన "నడువుండ్రి, ఇయ్యాల వానా లేదు, ధరా లేదు" అన్నాడు. అందరూ లేచి ఇళ్ళకు పోయారు.

మెదక్‌లో జరిగింది నేను తర్వాత విన్నదే. అక్కడ సరిగ్గా ఆ ప్రకటన వేళకు కరెంటు పోయింది. తిరిగి వచ్చేసరికి సెట్టులోంచి సారంగి మోగుతోంది. బస్టాండు దగ్గర దీక్ష కబురు కోసం కుర్రవాళ్ళు గుంపుగా ఉన్నారు. ఖాదర్ మియా వాల్యూం పెంచి, పెట్టె పక్కన కళ్ళు మూసుకుని కూర్చున్నాడు. కాసేపటికి భుజం మీది తువాలుతో కళ్ళు తుడుచుకున్నాడు.

ఒక కుర్రవాడు దగ్గరికొచ్చి, "చాచా, పెద్దాయన పోయిండా?" అని అడిగాడు. ఖాదర్ మియా కళ్ళు తెరవకుండానే, మాట్లాడకు అన్నట్టు చెయ్యి ఎత్తాడు.

అది చాలింది. రేడియో చెప్పే మాట ఒక్కటీ నమ్మనివాళ్ళు, రేడియో వాయించిన రాగాన్ని నమ్మారు. దుకాణాలు మూతపడ్డాయి. ఒక బస్సు మీద రాళ్ళు పడ్డాయి. పోలీసులు లాఠీలతో దిగారు. బెదిరిన ఎడ్లను పట్టుకోవడానికి సాయిలు ఆ రద్దీలోకి పరిగెత్తాడు. తలకు తగిలింది రాయో లాఠీయో ఏ విచారణలోనూ తేలలేదు. మర్నాడు దవాఖానలో చనిపోయాడు. దీక్షలో ఉన్న నాయకుడు ఆ తర్వాత నిమ్మరసం తాగి దీక్ష విరమించాడు.

ఖాదర్ మియా కుల్చారం వెళ్ళాడు. సాయిలు కొడుకు వాకిట్లోనే ఆపేశాడు. "మా నాయిన సావుకు ముందుగాల్నే పాట పెట్టినవ్. ఇంకేం చూస్తవ్? పో." ఖాదర్ మియా తిరిగి వచ్చి ఈ మాట నాకు చెప్పాడు.

పోలీసులు ఆయన్ని పుకారు పుట్టించాడని రెండు రోజులు ఠాణాలో ఉంచారు. తర్వాత శాఖాపరమైన విచారణకు సంగారెడ్డి నుంచి మా అధికారి వచ్చాడు. సాంకేతిక నివేదిక నాది. సీలు చెక్కుచెదరలేదని, కార్యక్రమం కేంద్రానిదేనని, ప్రకటన వేళకు కరెంటు లేదని రాశాను. కరెంటు ఆఫీసులో వేళలు సరిచూసుకున్నాకే రాశాను. మిగిలిన ప్రశ్న ఒక్కటే: వాల్యూం ఎందుకు పెంచాడు?

విచారణకు ముందు ఖాదర్ మియాను పక్కకు పిలిచి, జనం ఎక్కువగా ఉన్నారు గనుక అందరికీ వినపడాలని పెంచానని చెప్పమన్నాను. నిబంధనల్లో దానికి చోటుంది. ఆయన తల ఊపాడు. లోపలికి వెళ్ళాక అధికారి అడిగితే మాత్రం, "మస్తు మంచిగ వాయిస్తుండె సాబ్. పెంచిన" అన్నాడు.

"మరి ఏడ్చిందెందుకు?"

"మా అబ్బా యాదికొచ్చిండు."

అధికారి కలం కింద పెట్టి, "ఇష్టమైందనేది సంజాయిషీ కాదయ్యా" అన్నాడు. ఆ మాటలో కోపం లేదు. ప్రభుత్వ యంత్రాన్ని సొంత ఇష్టానికి వాడుకున్నాడన్న కారణంతో ఖాదర్ మియాను తొలగించారు. పుకారు సంగతి ఆ ఉత్తర్వులో ఎక్కడా లేదు. తాళంచెవి నేనే తీసుకున్నాను. బస్టాండు దగ్గర ఆయనకు బట్టలిచ్చేవాళ్ళు తగ్గిపోయారు. ఏడాది లోపల మిషను అమ్మి, కూతురి దగ్గరికి జహీరాబాద్ వెళ్ళిపోయాడు. అక్కడే పోయాడని విన్నాను.

ఆ తర్వాత మా సెట్లన్నిటికీ వాల్యూం మర కూడా ఒక గీత దగ్గర నిలిపి సీలు వేయమని ఉత్తర్వు వచ్చింది, వేశాను. కేర్‌టేకర్లకు నేనిచ్చే శిక్షణలో సొంతంగా రెండు మాటలు చేర్చాను. కరెంటు పోయి వస్తే, తర్వాతి ప్రకటన వినేదాకా సెట్టు కట్టేసి ఉంచాలి. రేడియో మాటను జనం నమ్మని రోజుల్లో పెట్టె పక్కన కూర్చున్నవాడి మొహాన్ని చూస్తారు, కాబట్టి ఆ మొహం కూడా ప్రసారంలో భాగమే.

మెదక్‌కు కొత్త కేర్‌టేకర్ కావలసి వచ్చినప్పుడు ముగ్గురు అడిగారు. వాళ్ళలో ఒకడికి సంగీతమంటే ఇష్టమూ లేదు, అయిష్టమూ లేదు. ఏది మోగినా మొహం మారేది కాదు. దరఖాస్తులో అర్హతల గడిలో ఆ సంగతే రాసి, అతణ్ణే సిఫారసు చేశాను.