హిందూపురం సర్కిల్లో బండ్లు ఆగిన రోజు

ఇందులో ప్రతి మాటా నిజం. నా తల మీది టోపీ మీద, నడుముకున్న బెల్టు మీద, మా అవ్వ మీద ఒట్టు. అవ్వ పోయి చానా ఏళ్లయింది కాబట్టి ఆ ఒట్టు చెల్లదని మా ఇంటామె సరోజ అంటుంది. సరే, అది తీసేయండి. తక్కిన రెండూ ప్రభుత్వం ఇచ్చినవి. వాటి మీద దొంగ ఒట్టు వేసే ధైర్యం నాకు లేదు.

ఇన్ని ఒట్లు ఎందుకంటే, నేను నిన్న వాన పడిందని చెప్పినా బయటికి పోయి నేల తడిగా ఉందో లేదో చూసి వచ్చే మనుషులు మా పోలీసు స్టేషన్లో ఉన్నారు.

దయ్యాలను నేను ఏనాడూ నమ్మలేదు. పదిహేడేళ్లు మిలిట్రీలో ఉన్నాను. అందులో సగం కాలం సెంట్రీ డ్యూటీలోనే గడిచింది. మంచు గుట్టల మీద నిలబడినాను, సమాధుల పక్కన నిలబడినాను. ఒక్క దయ్యం కూడా వచ్చి పలకరించలేదు. అన్నేళ్లలో నేను నిజంగా భయపడింది ఒక్కదానికే. లీవు క్యాన్సిల్ అయిందనే మాటకు.

మాది పెనుకొండ పక్క పల్లె, రొద్దం పోయే దారిలో. మిలిట్రీ నుంచి వచ్చినాక మాజీ సైనికుల కోటాలో పోలీసు పరీక్ష రాసినాను. ముప్పై తొమ్మిదేళ్ల వయసులో మళ్లీ గ్రౌండులో పరిగెత్తినాను. నా పక్కన పరిగెత్తే పిల్లోళ్లు అంకుల్, కొంచెం జరగండి అని మర్యాదగా దాటుకుని పోయినారు. అయినా పాసయినాను. ట్రైనింగు అయినాక హిందూపురంలో వేసినారు.

పింఛను వస్తుండగా మళ్లీ యూనిఫాం ఎందుకప్పా అని చానామంది అడిగినారు. జీతం కోసమని చెప్పేవాణ్ణి. అది సగం మాట. మా పాప హర్షిత పుట్టినప్పుడు నేను మూడు రాష్ట్రాల అవతల ఉన్నాను. ఆ పాప పెరిగిందంతా ఫోటోల్లో చూసినాను. ఊర్లో ఊరకే కూర్చునే నాయన కంటే, పొద్దున డ్యూటీకి పోయి సాయంత్రం ఇంటికొచ్చే నాయన అయితే దగ్గరవుతుందేమో అనుకున్నాను.

హిందూపురంలో చిన్న ఇల్లు బాడుగకు తీసుకున్నాం. సరోజ బట్టల ఫ్యాక్టరీలో మిషను కుట్టేది. హర్షిత తొమ్మిదో తరగతి. నేను రెండడుగుల దూరంలో కూర్చుని ఉంటే, వాళ్లమ్మ వైపు తిరిగి చెప్పేది.

"అమ్మా, ఆయప్పకు నీళ్లు కావాలంట."

ఆయప్ప అంటే నేనే. కోపం కాదు, ఎగతాళి కూడా కాదు. ఏమని పిలవాలో ఆ పాపకు తెలీదు. నన్ను నేరుగా ఒక్క ప్రశ్న కూడా అడిగేది కాదు. ఏడాదికి ఒక నెల ఇంట్లో కనపడే మనిషిని ఎవురైనా ఏమని పిలుస్తారు?

ఇక డ్యూటీ సంగతి. నన్ను మార్కెట్ పక్క సర్కిల్లో ట్రాఫిక్ చూడమని నిలబెట్టినారు. అప్పుడే తెలిసింది, పదిహేడేళ్లు నేను నేర్చుకున్న విద్యంతా ఆడ తలకిందులని. సెంట్రీ అనేవాడు కదలకూడదు. ట్రాఫిక్ వాడు కదులుతూనే ఉండాలి. నేను చెయ్యి చాపితే కవాతులో చాపినట్టు కర్ర మాదిరి చాపేవాణ్ణి. చూసేవాళ్లకు బాగుండేది. ఆగేవాళ్లు ఎవురూ లేరు. ఒకామె రోడ్డు మధ్యలో తోపుడు బండి నిలిపి, ఈ బేరం అయిపోనీ ఉండు నాయనా అని నన్నే ఆపింది.

మూడో వారం సంత రోజు, మా సీఐ గారి జీపు వచ్చింది. పై అధికారి కనపడితే నా చెయ్యి నన్ను అడగదు. అదే లేచిపోతుంది. మడమలు కొట్టి సెల్యూట్ పెట్టినాను. నా అరచెయ్యి చూసి ఆపమన్నాడనుకుని జీపు డ్రైవరు సర్కిల్ నడిమధ్యన బ్రేకు కొట్టినాడు. నేను సెల్యూట్లో ఉన్నానుగదా, ఇంక అడిగేవాడు లేడని నాలుగు పక్కల నుంచీ బండ్లు దూరినాయి. సార్ జీపు చింతపండు మూటల లారీకి, కర్ణాటక బస్సుకి మధ్యన బిగుసుకుపోయింది. సార్ చెయ్యి దించమనేదాకా దించకూడదని నేను అట్లే ఉన్నాను. సార్ చెప్పింది నాకు వినపడలేదు, అన్ని హారన్లు మోగుతున్నాయి.

సాయంత్రం పిలిపించినాడు. ఆయన అరవలేదు. అరిచి ఉంటే బాగుండేది.

"ఏమప్పా మిలిట్రీ, ఇంకొక్క సంత రోజు ఆడ బండ్లు ఇరుక్కుంటే నిన్ను గాండ్లపెంటకు పంపమని పైకి రాస్తా. ఆడైతే నువ్వు ఎంతసేపు సెల్యూట్లో ఉన్నా ఎవురికీ ఇబ్బంది లేదు."

గాండ్లపెంట చెడ్డ ఊరేం కాదు. కానీ కదిరి దాటి పోవాల. సరోజ పని, పాప బడి హిందూపురంలోనే ఉండాయి. నేను మళ్లీ ఒక గది చూసుకుని, వారానికోసారి సంచి పట్టుకుని వచ్చే చుట్టమైపోతాను. ఆయప్ప అనే ఆ ఒక్క పిలుపు కూడా పోతుందని దిగులు పట్టుకుంది. ఆ వారమంతా అద్దం ముందు నిలబడి చేతులు ఆడించడం ప్రాక్టీసు చేసినాను. సరోజ చూసి, ఈగలు తోలుకుంటున్నావా అని అడిగింది.

సంత రోజు రానే వచ్చింది. ఒంటిపూట బడుల కాలం. మధ్యాహ్నం పన్నెండున్నరకు బడి ఆటోలన్నీ ఒకేసారి సర్కిల్ మీద పడతాయి. అదే సమయానికి బెల్లం దించిన లారీలు, గౌరిబిదనూరు పోయే బస్సు వచ్చినాయి. ఇంకో పక్క నుంచి ఎవరిదో గొర్రెల మంద కూడా వచ్చింది. నా పని అయిపోయిందనుకున్నాను.

బస్సు ఆగింది. నేను ఇంకా చెయ్యి ఎత్తలేదు.

దాని వెనక లారీ ఆగింది. పక్క రోడ్డు మీద ఆటోలు తెల్లగీత ముందర ఆగినాయి. ఆ గీత ఆడ ఉందని నాక్కూడా ఆ రోజే తెలిసింది. మంద కూడా ఆగింది. కాపరి తోలుతున్నాడు, గొర్రెలు కదలడం లేదు. నాలుగో పక్క బండ్లు దర్జాగా దాటుకుని పోయినాయి. అవి పోయినాక రెండో పక్క కదిలింది, తర్వాత మూడో పక్క. ఎవురో లెక్క పెట్టి వదిలినట్టు.

పై అధికారి ఎవరో నా వెనక వచ్చి ఉంటాడని గిరుక్కున తిరిగి సెల్యూట్ కొట్టినాను. ఎవురూ లేరు. వెనక ఉండేది పాత ట్రాఫిక్ దిమ్మె ఒక్కటే. దాని గొడుగు ఎప్పుడో విరిగిపోయింది. ఎవురూ ఎక్కకుండా చుట్టూ ముళ్లకంప వేసినారు.

ఒకరిద్దరు డ్రైవర్లను అడిగినాను. ఏమో సార్, కాలు బ్రేకు మీద పడిందన్నారు. సర్కిల్ పక్కన ఆటో పెట్టుకునే బాషా అనే ఇరవై రెండేళ్ల పిల్లోడు మాత్రం నవ్వినాడు.

"నీకు ఆపినామనుకుంటాండావా సార్? నీ ఎనక దిమ్మె మీద ఆ పెద్దాయప్ప నిలబడుకోనుంటే ఎవురు పోతారు?"

ఎట్లున్నాడని అడిగితే చెప్పినాడు. తెల్ల మీసాలు. నోట్లో విజిల్ ఉంది గానీ ఊదడం లేదు. చెయ్యి గుండె దాకానే ఎత్తి రెండు వేళ్లు చూపిస్తున్నాడు. టోపీ కింద మడిచిన తడి టవలు, చెవుల పక్క నుంచి నీళ్లు కారుతున్నాయి.

నేను పిల్లోడు నాకే కోతలు కోస్తున్నాడనుకున్నాను. కోతలు కోసేది ఎప్పుడూ నేనే, నాకు చెప్పేవాళ్లు తక్కువ కాబట్టి కొంచెం సంతోషపడినాను కూడా.

అయినా టవలు సంగతి మనసులో ఉండిపోయింది. స్టేషన్లో అడిగితే, పాతవాళ్ల కథలు తెలిసింది రిటైరయిన హెడ్ కానిస్టేబులు నాగప్పకే అన్నారు. ఆయన ఇప్పుడు ధర్మవరంలో కొడుకు దగ్గర ఉంటాడు. వీక్లీ ఆఫ్ రోజు రైలెక్కి పోయినాను. పక్కింట్లో మగ్గం ఆడుతూ ఉంది. మేం ఆ చప్పుడు మీదే గట్టిగా మాట్లాడుకున్నాం. మీసాలు, రెండు వేళ్లు చెప్పే దాకా నాగప్ప నవ్వుతూనే ఉన్నాడు. తడి టవలు అనేసరికి నవ్వు ఆగిపోయింది.

"ఆ మాట నీకెవురు చెప్పినారబ్బా?"

ఆ మనిషి పేరు తిప్పేసామి అంట. ఆ సర్కిల్లో ఏండ్ల తరబడి నిలబడినాడు. రిటైరు కాకముందే ఇంట్లో జబ్బు చేసి పోయినాడు. పోయి పదమూడేళ్లయింది. టోపీ కింద టవలు పెడితే యూనిఫాం రూలుకు తప్పు. అందుకని ఎండాకాలంలో నాగప్పే చాటుగా బకెట్లో తడిపి ఇచ్చేవాడంట. ఆ సంగతి వాళ్లిద్దరికీ తప్ప మూడో మనిషికి తెలీదని, తన భార్యకు కూడా చెప్పలేదని నాగప్ప అన్నాడు.

గోడ మీద స్టేషన్ వాళ్ల గ్రూపు ఫోటో ఉంది, అందులో తిప్పేసామి ఎవురో నాగప్ప చూపించినాడు. ఫోన్లో తీసుకున్నాను. ఆ ఫోటోలో ఎవురికీ టోపీల్లేవు. హిందూపురం వచ్చి బాషాకు చూపిస్తే, తడుముకోకుండా వెనక వరసలో మూడో మనిషి మీద వేలు పెట్టినాడు. ఆ మనిషే తిప్పేసామి.

తర్వాత రెండు సంతలు కూడా అట్లే జరిగినాయి. నాలుగో సంతకు బండ్లు మళ్లీ మామూలుగా మీద పడినాయి. అప్పటికి నాకు చెయ్యి కుదిరింది. గుండె దాకా ఎత్తి రెండు వేళ్లు చూపిస్తే చాలామంది ఆగుతున్నారు. అందరూ ఆగినారని చెప్తే మీరు నమ్మరు, హిందూపురం చూసినవాళ్లు అసలు నమ్మరు. సీఐ గారు జీపులో పోతూ, మిలిట్రీ పోలీసయినాడే అన్నాడు. గాండ్లపెంట మాట మళ్లీ రాలేదు.

పోయిన ఎనిమిదేళ్లలో ఈ కథ చానామందికి చెప్పినాను. దయ్యం మాట దగ్గర ఎవురూ అడ్డం రాలేదు. హిందూపురంలో ఆటోలు గీత ముందర ఆగినాయి అనేసరికి లేచిపోతారు.

ఇప్పుడు ఒప్పుకోవాల్సింది ఒకటుంది. టోపీ, బెల్టు మీద ఒట్టు వేసినాను కాబట్టి తప్పదు. ఇందులో ఒకటి నేను కల్పించినాను. గొర్రెలు అనుకుంటారేమో, గొర్రెలు నిజంగానే ఆగినాయి.

కల్పించింది బాషాను. అట్లాంటి ఆటో పిల్లోడు ఎవురూ లేడు. ఆ రోజు సర్కిల్లో ఆ పెద్దాయప్ప మాట నాతో ఎవురూ చెప్పలేదు. దిమ్మె మీద ఎవురో ఉన్నారన్న ఆలోచన కూడా నాకు లేదు. డ్యూటీ దిగి ఇంటికి పోయి, కాళ్లు కడుక్కుని అన్నానికి కూర్చున్నాను. హర్షిత ఎదురుగా కూర్చుని ఉంది. ఆ మధ్యాహ్నం బడి ఆటోల్లో ఒకదాంట్లో ఆ పాప ఉందని నాకు తెలీదు. వాళ్లమ్మ వైపు తిరగలేదు. నన్నే చూసి అడిగింది.

"నాయనా, నీ ఎనక నిలబడిన తాత ఎవురు? టోపీలో తడి టవలు ఎందుకు పెట్టుకున్యాడు?"

నాగప్ప ఇంటి ఫోటోలో మూడో మనిషి మీద వేలు పెట్టింది కూడా ఆ పాపే. తిప్పేసామి చనిపోయిన సంవత్సరం ఆ పాపకు ఏడాది నిండింది. అప్పుడు మా పల్లెలో పాకుతూ ఉంది. ఇప్పుడు బెంగళూరులో నర్సింగు చేస్తోంది. నాతో చదివేవాళ్లు నవ్వుతారు, నా పేరు పెట్టొద్దు నాయనా అని చెప్పింది. అందుకే ఇన్నాళ్లూ బాషాను పెట్టుకుని నడిపించినాను. ఈసారి మాత్రం ఉన్నది ఉన్నట్టు రాసుకో పో అంది.

ఆ పాప ఏం చూసిందో, ఆ బండ్లు ఎవురిని చూసి ఆగినాయో నాకు ఈ రోజుకీ అర్థం కాలేదు. పాప నన్ను ఆ మాట అడిగిన పూట నాకు అంత ఆకలి లేదు. అయినా మూడుసార్లు అన్నం పెట్టించుకున్నాను. కంచం ముందు నుంచి లేస్తే, ఆ పాప ఇంకేదో అడగబోయి ఆగిపోతుందేమోనని.