వెంగల్ పల్లంలో తీసిన నల్లమట్టి

2022 వేసవి. ఇల్లు తిరుత్తణిలో, ఆఫీసు తిరువళ్లూరులో. చిత్తడి నేలలను గుర్తించే ఒక ప్రైవేటు సంస్థలో నేను ఫీల్డ్ సర్వేయర్‌ని. ఉపగ్రహం ఫోటోలో కనిపించింది నేల మీద నిజంగా ఉందో లేదో వెళ్లి చూడడం నా పని. దాన్ని గ్రౌండ్ ట్రూతింగ్ అంటారు.

ఆ రోజు వెంగల్ దగ్గర ఒక పల్లానికి వెళ్లాను. ఫోటోలో అది పసుప్పచ్చటి బీడు. అక్కడ మట్టి తోలి గోదాములు కట్టుకుంటామని ఎవరో అర్జీ పెట్టారు. నేను ‘చిత్తడి నేల కాదు’ అని టిక్ పెడితే లారీలు వచ్చేస్తాయి. చూస్తే నేల నెర్రెలిచ్చి ఉంది. తుంగ ఎండి వాలిపోయింది. చుక్క నీరు లేదు. ఫారం తీసి పెన్ను మూత విప్పాను.

“ఆ నడిమికి పోవద్దమ్మా, దిగబడతావు” అని వెనక నుంచి ఎవరో అన్నారు. గేదెలను తోలుకొస్తున్న ఒకామె, పేరు మునెమ్మక్క. పక్క చేలు ఆమెవే.

“ఎండిపోయి ఉండాది గదక్కా?”

“పైన ఎండినాది. లోపల యాడ ఎండినాది? పోయిన ఎండాకాలం మా పెయ్య ఆడ దిగబడినాది. నలుగురం కలిసి పైకి లాగినాము.”

“పాత ఏరి ఏమైనా పూడిపోయినాదా అక్కా?” ఏరి అంటే మా వైపు చెరువు.

“ఏరికి కట్ట ఉండాల, తూము ఉండాల. దీనికి అవేమీ లేవు. నీళ్లు అడుగు నుంచే ఊరతాయి.”

బండి దగ్గరికి దాదాపు పరిగెత్తి సాయిల్ ఆగర్ తెచ్చాను. తిప్పుతూ మట్టిలోకి దించే పనిముట్టు అది. జానెడు లోతు వరకు పొడిమట్టి వచ్చింది. ఇంకొంచెం దించేసరికి బరువెక్కింది. పైకి తీస్తే నల్లటి జిగట మట్టి, దానిలో తుంగ వేళ్ల చుట్టూ తుప్పు రంగు చారలు. కుళ్లిన గుడ్డు వాసన. ఏళ్ల తరబడి నీళ్లలో నానిన మట్టికే ఆ రంగూ ఆ వాసనా ఉంటాయి. మేం చూస్తుండగానే గుంతలో నీళ్లు ఊరాయి. ఆరేళ్ల ఉద్యోగంలో నాకంత సంతోషం ఎప్పుడూ కలగలేదు.

అక్కకు వివరంగా చెప్పాను. చిత్తడి నేలలన్నీ ఒకటి కావు. చెట్లు నీళ్లలో నిలబడి పెరిగితే అది స్వాంప్. వాననీళ్ల మీదే బతికే నాచు పేరుకుంటే బాగ్, అది చలి దేశాల్లో ఎక్కువ. చెట్లు లేకుండా తుంగ, జమ్ము వంటి గడ్డిజాతులే ఉండి, నేల తడిగా ఉంటే మార్ష్. పై నీళ్లు కొన్ని నెలలు ఇంకిపోయినా అది మార్షే.

“పేరు నాకు తెలీదు గాని, దీన్ని పూడ్చినారంటే మా బాయి ఎండిపోతాది. అది మాత్రం రాసుకో” అంది ఆమె.

రాసుకున్నాను. టీమ్ లీడర్‌కు ఫోన్ చేస్తే విసుక్కున్నాడు.

“ఫోటోలో నీళ్లే లేవు కదమ్మా. ఈ రోజు ఫైలు ముగించాల.”

“మీరు వచ్చి ఈ మట్టి చూడండి సార్. చూసినంక కూడా కాదంటే, సంతకం మీరే పెట్టండి.”

మరుసటి రోజు వచ్చాడు. తానే ఆగర్ దించాడు. నల్లమట్టిని వేళ్ల మధ్య నలిపి వాసన చూశాడు. తర్వాత నా ఫారం తీసుకుని, ‘మార్ష్’ అని తన చేత్తోనే రాశాడు. వానలు పడ్డాక మళ్లీ వెళ్లి కొలిస్తే అక్కడ మోకాలి లోతు నీళ్లు, నిటారుగా పచ్చటి తుంగ. మట్టి తోలడానికి అనుమతి రాలేదు. గోదాములు రోడ్డు పక్క మెరక మీదికి మారాయి.

కంటికి కనబడే నీటిని బట్టి నేలను తేల్చకూడదని ఆ పల్లమే నాకు నేర్పింది. అక్కడ పశువులు కాచేవాళ్లను అడగాలి, తర్వాత మట్టి తీసి చూడాలి. పోయిన నెల తిరువాలంగాడు దగ్గర అలాంటి బీడే మరొకటి చూశాను. అది మార్ష్ అయితే బాగుండునని ఎంతో ఆశపడ్డాను. నాలుగు చోట్ల ఆగర్ దించితే నాలుగు చోట్లా ఎర్రటి పొడిమట్టే వచ్చింది. ‘చిత్తడి నేల కాదు’ అని రాసి, ఈసారి ఏ బెరుకూ లేకుండా సంతకం పెట్టాను.