మేనేజరు పడుకున్న బొమ్మ

మంగళవారం పొద్దున టైలరమ్మ తీసుకున్న మొదటి ఛాతీ కొలత ఒక కుక్కది. ఇరవై రెండు అంగుళాలు. తోక కూడా కొలవబోతే అది లేచి, టేపు వాసన చూసి, మళ్లీ గుమ్మానికి అడ్డంగా పడుకుంది.

ఆ గుమ్మం మెట్ల కింద ఉన్న కుట్టు దుకాణానిది. లోపల ఒక మెషిన్, ఒక కటింగ్ బల్ల, ఒక నిలువుటద్దం. మూడో మనిషి వస్తే ఎవరో ఒకరు బయటికి జరగాల్సినంత చోటు. కుక్క పేరు మేనేజరు. పని చెయ్యదు, దారిలోంచి లేవదు, వచ్చినవాళ్లను ఒక కన్ను తెరిచి ఎగాదిగా చూస్తుంది. అందుకని ఆ పేరు టైలరమ్మ మొగుడే పెట్టాడు. ఆయన బస్సు డ్రైవరుగా రిటైరై, ఇప్పుడు ఓ మూల కూర్చుని గుండీలు కుడుతూ, అడగని సలహాలు ఇస్తూ కాలక్షేపం చేస్తున్నాడు.

గొడవ ఆ కన్నుతోనే వచ్చింది. కిందటి వారం బ్యాంకులో పనిచేసే ఒకావిడ కోటు లూజు చేయించుకుందామని వచ్చి, మేనేజరు కన్ను తెరవగానే కోటుతో సహా వెనక్కి తిరిగింది. తిన్నగా ఇంటికి పోయినా బాగుండేది. పై అంతస్తులో ఉండే బిల్డింగు ఓనరుకి చెప్పి మరీ పోయింది. ఆయన దిగివచ్చి ఆదివారం దాకా గడువిచ్చాడు. ఆ తర్వాత ఒక్కరు భయపడినా కుక్కని ఊరవతల తన తమ్ముడి గోడౌనుకి పంపించేస్తానన్నాడు. అక్కడ గొలుసు ఉంటుంది, మనుషులుండరు.

తనకు కుక్కలంటే పెద్ద ప్రేమేమీ లేదని టైలరమ్మ అందరితో చెప్పుకుంటుంది. గొలుసు మాట విన్న రోజు మాత్రం ఒక ప్యాంటుకి రెండూ ఎడమ కాళ్లే కత్తిరించింది.

మొదట ‘కుక్క ఏమీ చెయ్యదు’ అని అట్ట మీద రాసి తలుపుకి తగిలించింది. వచ్చినవాళ్లు మొదటి మాట చదివి, మిగతా రెండిటి దాకా ఆగలేదు. అప్పుడు తోచింది ఆవిడకి, కావలసింది రాత కాదు, బొమ్మ అని. హాయిగా పడుకున్న కుక్క బొమ్మ చూస్తే ఎవరికైనా ధైర్యం వస్తుంది. నీకు బొమ్మలెక్కడ వచ్చని మొగుడు గుర్తుచేశాడు. పొద్దస్తమానం సుద్దతో గీస్తున్నదేమిటి, ముగ్గులా అని ఆవిడ గదిమింది.

అందుకే ఆ కొలతలు. గౌను ముందుభాగం గీసేటప్పుడు కాగితాన్ని మడిచి, మడత మీద సగమే గీసి కత్తిరిస్తారు. విప్పితే రెండు పక్కలా సమంగా వస్తుంది. ఆవిడ కుక్కనీ అలాగే సగం గీసింది. తల, చెవులు, ముందు కాళ్లు, సగం పొట్ట. కుట్టు కోసం చుట్టూ అరంగుళం వదిలింది కూడా. కత్తిరించి, విప్పి, బల్ల మీద పరిచింది.

కుక్కకి ఈ చివరా తలే, ఆ చివరా తలే.

మొగుడు సూది పక్కన పెట్టి తీరిగ్గా చూశాడు. “ఒక్క తలతో ఉంటేనే ఓనరు ఒప్పుకోవట్లేదు. దీన్ని చూశాడంటే మనల్ని కూడా గోడౌనుకి పంపిస్తాడు.”

ఇక చూసి గీయాల్సిందే అనుకుంది. పెన్సిలు పట్టుకుని కుక్క ఎదురుగా పీట వేసుకుంది. అది లేచి కూర్చుంది. వెళ్లి మెషిన్ తొక్కితే పడుకుంది. పెన్సిలు తీస్తే మళ్లీ లేచింది. సాయంత్రానికి గాని సంగతి తేలలేదు. పిల్లగా ఉన్నప్పటి నుంచీ అది మెషిన్ చప్పుడుకి నిద్రపోవడం మరిగింది. చప్పుడు ఆగితే దానికి తెల్లారినట్టే.

“ఏమండీ, ఇలా వచ్చి కాస్త తొక్కండి.”

“ఏం కుట్టాలి?”

“ఏమీ కుట్టక్కర్లేదు. దారం తీసేశాను.”

ఆయన బుధ, గురువారాలు ఉత్త మెషిన్ తొక్కాడు. “బస్సు తోలినన్నాళ్లూ సాయంత్రానికి ఎక్కడికో అక్కడికి చేరేవాణ్ణి,” అని సణిగాడు.

గురువారం నాటి బొమ్మలో ఏ లోటూ లేదు. నాలుగు కాళ్లూ, రెండు చెవులూ, తోకా అన్నీ లెక్కకి వచ్చేలా బయటికి చాపి గీసింది. పక్క కొట్టు ఇస్త్రీ ఆయన అది చూసి గొంతు తగ్గించి, “అయ్యో, ఎప్పుడు పోయిందమ్మా?” అన్నాడు. ఆయన కాళ్ల దగ్గరే మేనేజరు ఆవులించింది.

శుక్రవారం ఆవిడ తనకు తెలిసిన కుక్కని వదిలేసి, కళ్ల ముందున్న కుక్కని గీసింది. ముడుచుకున్న వీపు, పాదాల మీద ముక్కు. పొట్ట దగ్గర చెయ్యి ఆగింది. అక్కడ చర్మం, విప్పి పడేసిన చొక్కాలాగా నేల మీదికి జారి ఉంది. ఆ వదులు గీశాక గాని నిద్ర రాలేదు బొమ్మకి.

మొగుడు తొక్కుతూనే మెడ చాచి లెక్కపెట్టాడు. “రెండు కాళ్లు తక్కువొచ్చాయి.”

“అది లోపల పెట్టుకుంది. నన్ను బయటికి లాగమంటారా?”

ఆదివారం ఓనరు బ్యాంకు ఆవిడనే వెంటబెట్టుకుని వచ్చి, తాను మెట్ల మీద నిలబడ్డాడు. మామూలుగా అయితే టైలరమ్మ మెషిన్ ఆపి, రండి అంటూ లేచేది. మేనేజరు కన్ను తెరిచేది. ఇన్నాళ్లూ జరిగింది అదేనని మొగుడూ పెళ్లాలిద్దరికీ ఒక్కసారే తట్టింది. టైలరమ్మ మొగుడి వైపు చూసింది. ఆయన అప్పటికే తొక్కుతున్నాడు, సూది కింద బట్ట లేకుండా, మహా శ్రద్ధగా.

బ్యాంకు ఆవిడ తలుపు మీది బొమ్మని చూసింది. నేల మీది కుక్కని చూసింది. మళ్లీ బొమ్మని చూసింది. గొడుగు చంకలో పెట్టుకుని, మేనేజరుని దాటి లోపలికి వచ్చి, కోటు బల్ల మీద పెట్టింది.

ఓనరు ఒక మెట్టు దిగి బొమ్మకేసి చూశాడు. “సరే, ఉండనివ్వండి. కానీ ఒక మాట. బొమ్మలో పడుకున్న కుక్క ఉంది. ఎవరొచ్చినా గుమ్మంలో అదే కనిపించాలి. లేచిన కుక్క కనిపించిందా, గోడౌనే.”

సోమవారం పొద్దున మొగుడు అటక మీంచి తన పాత బస్సు సీటు దిండు దింపి, దుమ్ము దులిపి, మెషిన్ ముందు స్టూలు మీద వేసుకున్నాడు.