మూడో వరుసలో కూర్చున్న మనిషి

ఎవరైనా దయ్యాల కథ మొదలుపెడితే మధ్యలోనే లేచిపోయే రకం నేను. మాది వై.ఎన్.హొసకోట. నేను చేసేది లినక్స్ కెర్నెల్‌కు, అంటే కంప్యూటర్‌ను నడిపే మూల ప్రోగ్రాముకు, డ్రైవర్లు రాసే పని. మిషన్ వింతగా ప్రవర్తిస్తే కారణం కోడ్‌లో ఎక్కడో ఒక లైనులో ఉంటుందని నమ్మి బతికాను. ఇప్పుడు చెప్పబోయేది దయ్యం సంగతో కాదో నాకే తెలియదు. సిగ్గుపడుతూనే చెబుతున్నాను.

బలసముద్రం దగ్గరి సోలార్ ప్లాంటులో మా చిన్న కంపెనీ ఒక పెట్టె పెట్టింది. అందులో ఏఐ లెక్కలు వేగంగా చేసే కార్డు ఉంటుంది. కెమెరాల్లో ప్యానెళ్ల వరుసలు చూసి, మనుషులు ఎక్కడున్నారో, నిలబడ్డారో కూర్చున్నారో తెరమీద వాళ్ల చుట్టూ గీత గీసి చూపిస్తుంది. ఆ కార్డును లినక్స్‌తో కలిపే డ్రైవర్ నేను రాసిందే.

ఎండ ముదిరితే కార్డు బిగుసుకుపోయేది. జవాబు రానప్పుడు డ్రైవర్ ఆ సంగతి ఒప్పుకోవాలి. నేనేమో ప్లాంటు పెద్దవాళ్లకు మా పెట్టెను చూపించే రోజు దగ్గరపడిందని, పాత జవాబునే మళ్లీ ఇచ్చి, అంతా బాగుందన్నట్టు సున్నా పంపేలా రాశాను. పక్కన 'తర్వాత సరిచేయాలి' అని ఒక వ్యాఖ్య కూడా పెట్టుకున్నాను. మా పనిలో ఇలాంటి 'తర్వాత'లు కోకొల్లలు.

ప్యానెళ్లు కడిగే నరసమ్మక్కను అదే ముంచింది. మూడో వరుసలో ఆమె గంటసేపు కూర్చునే ఉందని వరసగా మూడు మధ్యాహ్నాలు తెర చూపించింది. సూపర్‌వైజర్ పని మాన్పించాడు. ఆమె నేరుగా నా దగ్గరికి వచ్చింది.

"నీళ్లు తాగను రెండు నిమిషాలు కూచున్యా పాపా, అంతే. మరి ఆ పక్క వరసంతా కడిగిందెవురు? నువ్వన్నా చెప్పు."

రికార్డు తీసి చూశాను. మూడు రోజులూ కార్డు బిగుసుకుపోయిన గంటే అది. రెండు నిమిషాల కూర్చోవడాన్ని నా డ్రైవరే గంటకు సాగదీసింది. నాకు అక్కడికక్కడే అర్థమైంది. అయినా ఏమన్నాను? "మిషన్ చూపించింది కదక్కా" అన్నాను. ఛీ! ఆ మాట తలుచుకుంటే ఇప్పటికీ నా మీద నాకే అసహ్యం వేస్తుంది.

పెద్దవాళ్లు వచ్చి మెచ్చుకుని వెళ్లాక, ఎవరికీ చెప్పకుండా డ్రైవర్ సరిచేశాను. పాత జవాబు పూర్తిగా చెరిగిపోయేలా చేశాను.

మరుసటి మధ్యాహ్నం మూడో వరుసలో గీత పడింది. ఒక మనిషి, కూర్చున్నట్టు. కెమెరా బొమ్మలో మాత్రం ఖాళీ నేల.

పాత జవాబే మిగిలిపోయిందేమో అనుకున్నాను. కాదు. ప్రతి జవాబుకూ కొత్త సంఖ్య, కొత్త సమయం ఉన్నాయి. పైగా గీత కొద్దికొద్దిగా కదులుతోంది, లోపల ఎవరో చెమట తుడుచుకుంటున్నట్టు. పాతదైతే కదలదు కదా! కార్డు మార్చాను. పోలేదు. కెమెరాకు గుడ్డ కట్టించాను. తెరంతా నలుపు, ఆ నలుపులో అదే గీత. ఆ వరుస దాకా నడిచి వెళ్లాను. అక్కడ ఎండిన మట్టి తప్ప ఏమీ లేదు.

ఆ సాయంత్రం సూపర్‌వైజర్‌కు అంతా చెప్పేశాను. ఆయన ఆమెను మళ్లీ పనికి రమ్మనమన్నాడు. నేనే వెళ్లాను. నరసమ్మక్క వాకిట్లో విత్తనానికి చెనక్కాయలు ఒలుస్తోంది. తప్పు నాదేనని, పనికి రమ్మంటున్నారని చెప్పాను.

"ఆ పొద్దు నేనడిగినప్పుడే తెలుసునా నీకు?"

తలూపాను. ఆమె ఒలవడం ఆపలేదు.

"అట్లయితే నేను రాను పాపా. మిషన్ ఉండాదని గాదు. నువ్వుండావని."

ఆ గీత తర్వాత కూడా కొన్ని మధ్యాహ్నాలు కనబడింది. నాకన్నా తెలిసినవాళ్లు డ్రైవర్ కోడ్ అంతా జల్లెడ పట్టారు, ఏమీ దొరకలేదు. అది ఎవరో, ఎందుకో నాకు ఇప్పటికీ అంతుపట్టదు. నరసమ్మక్క ఎందుకు రాలేదో మాత్రం నేనెవరినీ అడగక్కర్లేదు.